వెబ్ పేజీలో బొమ్మలు ఆగకుండా కదలాలంటే ఏది వాడాలి: సీఎస్ఎస్సా, ఎస్‌వీజీయా, క్యాన్వాసా, వెబ్‌జీఎల్లా?

టెక్కలి, రాజాం, ఎచ్చెర్ల వైపు కాలేజీల్లో చదివే పిల్లలు, శ్రీకాకుళం విజయనగరంలో షాపులకి చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిపెట్టే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఏటంటే, అన్నా యానిమేషన్‌కి ఏ లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) బాగుంటుంది అని. లైబ్రరీ పేరు చెప్పే ముందు నేను రెండు అడుగుతాను. స్క్రీన్ మీద ఒకేసారి ఎన్ని కదలాలి? వాటిని కదిపేది ఎవరు, టైమా, యూజర్ వేలా, సర్వర్ నుంచి వచ్చే డేటానా? ఈ రెండిటికీ జవాబు దొరికితే ఎంపిక దాదాపు అయిపోయినట్టే, మిగతాదంతా ఆ ఎంచుకున్నదాన్ని సరిగ్గా వాడుకోవడమే.

ముందు లెక్క ఒకటి మనసులో పెట్టుకోండి. 60 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చేది అయితే, ఒక్కో ఫ్రేమ్‌కి (ఒక్కసారి చూపించే బొమ్మకి) మనకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు, 90 హెర్ట్జ్‌కి 11.1, 120 హెర్ట్జ్‌కి 8.3. అంత చిన్న టైములో బ్రౌజర్ జావాస్క్రిప్ట్ నడిపి, స్టైల్స్ లెక్కేసి, ఏది ఎక్కడుండాలో లేఅవుట్ చేసి, పిక్సెల్స్‌కి రంగులేసి, చివర్లో లేయర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించాలి. ఇందులో ఏ ఒక్క పని లేటయినా ఆ ఫ్రేమ్ పోతుంది, మనకి అది చిన్న కుదుపులాగ కనబడుతుంది. ఇప్పుడు తక్కువ రేటు ఫోన్లలో కూడా 90, 120 స్క్రీన్లు వచ్చేశాయి కానీ లోపలున్న ప్రాసెసర్ మాత్రం అంత వేగంగా లేదు, అంటే టైము తగ్గింది, పని చేసేవాడి బలం అలాగే ఉంది. మన దగ్గర సైటు చూసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేవి ఆ ఫోన్లే కాబట్టి నేను చెప్పేదంతా వాళ్లని దృష్టిలో పెట్టుకునే.

అయిదారు వస్తువులు మాత్రమే కదలాలి, కదిపేది టైము అనుకోండి, అప్పుడు ఆలోచించక్కర్లేదు, సీఎస్ఎస్సే, అంటే పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే భాషే. పలాస జీడిపప్పు అమ్మే షాపు సైటు ఉంది, కార్ట్ పక్కనుంచి జారి రావాలి, బటన్ నొక్కితే కొంచెం కుంగాలి, ప్యాకెట్ ఫొటో మెల్లిగా తేలాలి, ఇంతే కదా. దీనికి ఏ లైబ్రరీ వద్దు, సీఎస్ఎస్‌లోనే ఉన్న ట్రాన్సిషన్ (ఒక స్థితి నుంచి ఇంకోదానికి మెల్లిగా మారడం), కీఫ్రేమ్స్ (కదలికలో ఏ దశలో ఎలా ఉండాలో రాయడం) చాలు. కాకపోతే ఏ ప్రాపర్టీని కదుపుతున్నారన్నదే అసలు సంగతి. లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్, మార్జిన్ లాంటివి కదిపితే ప్రతి ఫ్రేమ్‌కీ లేఅవుట్ మళ్లీ లెక్కెయ్యాలి, ఆ ఒక్క డబ్బా కదిలినందుకు దాని చుట్టుపక్కలవన్నీ మళ్లీ కొలుచుకోవాలి. అదే ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం, సైజు మార్చడం), ఒపాసిటీ (ఎంత పారదర్శకంగా ఉండాలన్నది) అయితే లేఅవుటూ ఉండదు, రంగులెయ్యడమూ ఉండదు, ముందే గీసి ఉంచిన లేయర్‌ని జీపీయూ (బొమ్మలు గీసే చిప్) జరుపుతుంది అంతే, పైగా ఆ పని మెయిన్ థ్రెడ్ మీద పడకుండా లేయర్లు పేర్చే కంపోజిటర్ థ్రెడ్‌లో జరుగుతుంది. మెయిన్ థ్రెడ్ అంటే ఒకే టికెట్ కౌంటర్ ఉన్న స్టేషన్ లాంటిది, ముందు ఒకాయన పెద్ద రిజర్వేషన్ ఫారం పట్టుకుని నిలబడితే వెనకున్నవాళ్లంతా ఆగాల్సిందే. ట్రాన్స్‌ఫార్మ్ వాడితే మీ యానిమేషన్ ఆ లైన్లో నిలబడక్కర్లేదు.

అరసవల్లి ఉదాహరణ చెప్తాను. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, ఆ దృశ్యం వెబ్ పేజీలో చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. చాలామంది వెంటనే గ్రేడియంట్ రంగుల్నో బాక్స్ షాడోనో యానిమేట్ చేసేస్తారు. అవి లేఅవుట్‌ని కదపవు కానీ ప్రతి ఫ్రేమ్‌కీ ఆ ఏరియా అంతా మళ్లీ రంగులెయ్యాలి, పెద్ద షాడో, బ్లర్ అయితే ఇంకా బరువు. దానికి బదులు వెలుగు పడిన గ్రేడియంట్‌ని వేరే లేయర్‌గా ఒకసారి గీసి పెట్టేసి దాని ఒపాసిటీని 0 నుంచి 1కి తీసుకెళ్లండి, కిరణం ముందుకి జారాలంటే అదే లేయర్‌కి ట్రాన్స్‌లేట్ కలపండి. కంటికి అదే వెలుగు, ఫోన్‌కి మాత్రం పని చాలా తగ్గిపోతుంది.

విల్-చేంజ్ అనే సీఎస్ఎస్ ప్రాపర్టీ గురించి ఒక మాట, ఎందుకంటే దీన్ని మంత్రంలాగ అన్నిటికీ రాసేస్తున్నారు. అది పెడితే బ్రౌజర్ ఆ ఎలిమెంట్‌కి ముందే వేరే లేయర్ ఇచ్చి పెడుతుంది, నిజమే, కానీ లేయర్ అంటే జీపీయూ మెమరీ. 1080 బై 2400 స్క్రీన్ నిండా ఉన్న ఒక్క లేయర్‌కి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున లెక్కేస్తే దాదాపు 10 ఎంబీ. ప్రొడక్ట్ లిస్టులో ఉన్న ప్రతి కార్డుకీ పెట్టారంటే చిన్న ఫోన్‌లో స్క్రోల్ చేసేటప్పుడు తెల్ల ఖాళీలు కనబడటం మొదలవుతుంది. కదిలే ముందు పెట్టండి, కదిలాక తీసేయండి.

ఇప్పుడు కదిపేది వేలు అయితే కథ మారుతుంది. పొందూరు ఖద్దరు అమ్మే పేజీలో నేత దగ్గరగా చూడ్డానికి రెండు వేళ్లతో జూమ్ చేస్తారు, పక్కకి లాగుతారు, అక్కడ ముందే రాసిపెట్టిన కీఫ్రేమ్స్ పనికిరావు. పాయింటర్ ఈవెంట్స్‌తో వేలు ఎక్కడుందో తీసుకుని వేరియబుల్‌లో పెట్టుకోండి, స్టైల్ మార్చే పని మాత్రం రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌లో (ప్రతి ఫ్రేమ్‌కి ముందు మన కోడ్‌ని పిలిచే బ్రౌజర్ ఫంక్షన్‌లో) చెయ్యండి, ఆ ఎలిమెంట్‌కి టచ్-యాక్షన్ నన్ అని పెట్టండి, లేకపోతే బ్రౌజర్ తన స్క్రోల్ తను చేసుకుంటూ మధ్యలో మీ ఈవెంట్స్‌ని క్యాన్సిల్ చేసేస్తుంది. సెట్ ఇంటర్వల్ పెట్టి 16 మిల్లీసెకన్లకోసారి కదిపే పద్ధతి ఇంకా కొన్ని ట్యుటోరియల్స్‌లో ఉంది, దాన్ని వదిలెయ్యండి, దానికి స్క్రీన్ రిఫ్రెష్‌తో సంబంధమే లేదు, ఒక ఫ్రేమ్‌లో రెండుసార్లు నడుస్తుంది, ఇంకో ఫ్రేమ్‌లో అసలు నడవదు. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ అయితే స్క్రీన్‌తో కలిసి నడుస్తుంది, ట్యాబ్ వెనక్కి వెళ్తే ఆగిపోతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

దీన్ని వాడేటప్పుడు టైమ్‌స్టాంప్ తీసుకుని దూరాన్ని సెకన్లతో లెక్కెయ్యడం తప్పనిసరి. ఫ్రేమ్‌కి 5 పిక్సెల్స్ జరపాలని రాశారనుకోండి, 60 హెర్ట్జ్ ఫోన్‌లో సెకనుకి 300, 120 హెర్ట్జ్ ఫోన్‌లో 600, ఒకే గేమ్ ఒకడికి సులువు ఇంకొకడికి కష్టం అయిపోతుంది. ఐఫోన్ బ్యాటరీ పొదుపు చేసే "లో పవర్" మోడ్‌లో ఉంటే సఫారీ 30కి తగ్గించేస్తుంది, అప్పుడేమో నత్తనడక. అలాగే వేరే ట్యాబ్‌కి వెళ్లి తిరిగొస్తే రెండు ఫ్రేముల మధ్య గ్యాప్ నిమిషాల్లో ఉండొచ్చు, ఆ గ్యాప్‌ని 50 మిల్లీసెకన్లు దాటనివ్వకుండా కట్ చేస్తే బొమ్మ గోడలు దాటి ఎగిరిపోదు.

సీఎస్ఎస్‌కీ దీనికీ మధ్యలో వెబ్ యానిమేషన్స్ ఏపీఐ ఒకటుంది, ఎలిమెంట్ డాట్ యానిమేట్ అని పిలిస్తే చాలు. నాకు ఇది చాలా ఇష్టం, మనోళ్లు తక్కువ వాడుతున్నారు. మధ్యలో ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, స్పీడ్ మార్చొచ్చు, అయిపోయాక ఆ సంగతి మన కోడ్‌కి ప్రామిస్‌తో తెలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మ్ ఒపాసిటీలు అయితే సీఎస్ఎస్ లాగే కంపోజిటర్‌లో నడుస్తుంది. మరి జీసాప్ అనే యానిమేషన్ లైబ్రరీ ఎందుకు అంటే, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కలుస్తూ, పది సీన్లున్న టైమ్‌లైన్ కావాలనుకుంటే జీసాప్‌లో రాసినంత హాయిగా ఇంకెక్కడా రాయలేం, పైగా 2025 నుంచి దాని ప్లగిన్లు కూడా అన్నీ ఉచితం, కమర్షియల్ పనికి కూడా. కానీ అది జావాస్క్రిప్ట్‌తో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ స్టైల్ రాస్తుంది, అంటే మెయిన్ థ్రెడ్ బిజీగా ఉంటే అదీ ఆగుతుంది. పేజీ లోడ్ అవుతున్నప్పుడు తిరిగే లోడర్‌కి జీసాప్ పెట్టకండి, ఎందుకంటే మెయిన్ థ్రెడ్‌కి ఊపిరాడనిది సరిగ్గా అప్పుడే, అది సీఎస్ఎస్‌కి వదిలెయ్యండి.

లిస్టులో వస్తువులు చోటు మారేటప్పుడు, ధర ప్రకారం సార్ట్ చేస్తే కార్డులు జారుకుంటూ కొత్త చోటికి వెళ్లాలంటే, ఫ్లిప్ అనే పద్ధతి నేర్చుకోండి. పాత చోటు కొలవాలి, కొత్త చోటుకి మార్చేసి మళ్లీ కొలవాలి, తేడాని ట్రాన్స్‌ఫార్మ్‌తో వెనక్కి లాగి అక్కడినుంచి సున్నాకి వదలాలి. లేఅవుట్ ఒకసారే జరుగుతుంది, కదలిక అంతా జీపీయూది. అయితే కొలతలన్నీ ఒకేసారి చదివి, ఆ తర్వాతే అన్నీ రాయండి, ఒకటి చదివి ఒకటి రాసి మళ్లీ ఒకటి చదివితే ప్రతిసారీ బ్రౌజర్ లేఅవుట్‌ని అప్పటికప్పుడు లెక్కెయ్యాలి, నలభై కార్డులుంటే నలభై లేఅవుట్లు.

ఇక ఎస్‌వీజీయా క్యాన్వాసా అన్నది. ఎస్‌వీజీ అంటే గీతల్ని, ఆకారాల్ని విడివిడి ఎలిమెంట్లుగా రాసే పద్ధతి, క్యాన్వాస్ అంటే కోడ్‌తో పిక్సెల్స్ గీసుకునే ఖాళీ పలక. శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడు 30 మండలాలు, విజయనగరంలో 27. మండలం మీద వేలు పెడితే రంగు మారాలి, పేరు రావాలి, నొక్కితే ఆ మండలం వివరాలు తెరుచుకోవాలి అంటే ఎస్‌వీజీని మించింది లేదు. ప్రతి మండలం ఒక డామ్ ఎలిమెంట్ (బ్రౌజర్ విడిగా గుర్తుపెట్టుకునే పేజీ ముక్క), క్లిక్ దానికే తగులుతుంది, సీఎస్ఎస్ దానికే పనిచేస్తుంది, ఎంత జూమ్ చేసినా గీతలు పగలవు, చూపులేని వాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి చెప్పేలా కూడా పెట్టొచ్చు. వంశధార, నాగావళి నీటిమట్టం ఎలా పెరిగిందో చూపించే గ్రాఫ్‌కి కూడా ఇదే.

ఎస్‌వీజీలో తిప్పే బొమ్మలకి ఒక చిక్కుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను బొమ్మ వేశారనుకోండి, ఆ పొడుగాటి మాను తన మొదలు దగ్గర ఆనుకుని పైకీ కిందకీ ఊగాలి. రొటేట్ రాస్తే మాను మొత్తం తెర మూలనుంచి గిర్రున తిరిగిపోతుంది, ఎందుకంటే ఎస్‌వీజీ లోపల ట్రాన్స్‌ఫార్మ్ ఆరిజిన్ మామూలుగా బొమ్మ మొత్తానికి ఎడమ పై మూల. ట్రాన్స్‌ఫార్మ్ బాక్స్‌ని ఫిల్ బాక్స్ అని పెట్టి అప్పుడు ఆరిజిన్ చెప్పాలి. ఇంకోటి, గుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్లి రావడం ఆల్టర్నేట్ డైరెక్షన్‌తో చూపించాలంటే ఇటరేషన్ కౌంట్ 3 కాదు 6 పెట్టాలి, వెళ్లడం ఒకటి, రావడం ఒకటి లెక్క.

ఎస్‌వీజీ ఎక్కడ ఆగిపోతుందంటే, కదిలే ఎలిమెంట్లు వందలు దాటి వేలల్లోకి వెళ్లినప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ గాలి ఎటునుంచి ఎలా తిరిగిందో మ్యాప్ మీద చిన్న చిన్న గీతల ప్రవాహంలాగ చూపించాలంటే కనీసం మూడు నాలుగు వేల గీతలు కదలాలి. వాటికి అన్ని డామ్ ఎలిమెంట్లు పెడితే బ్రౌజర్ వాటిని గుర్తుపెట్టుకోడానికే సగం టైము పోతుంది. అక్కడ క్యాన్వాస్. క్యాన్వాస్‌కి గీసినవాటి గుర్తు ఉండదు, ఒకే బల్ల మీద చెరిపి మళ్లీ గీయడమే, అందుకే తేలిక. దానికి బదులుగా ఏ గీత మీద క్లిక్ చేశారో మనమే లెక్కేసుకోవాలి, స్క్రీన్ రీడర్‌కి లోపల ఏమీ కనబడదు. నేనైతే రెండూ కలుపుతాను, కింద గాలి కోసం క్యాన్వాస్, పైన మండలాల గీతలు, పేర్ల కోసం పారదర్శకమైన ఎస్‌వీజీ.

క్యాన్వాస్‌లో అందరూ ముందు పడే ఇబ్బంది మసక. డివైస్ పిక్సెల్ రేషియో (సీఎస్ఎస్‌లో ఒక పిక్సెల్ వెడల్పుకి స్క్రీన్ మీద ఎన్ని అసలు పిక్సెల్స్ అన్నది) 3 ఉన్న ఫోన్‌లో 360 బై 640 అని పెట్టి వదిలేస్తే అక్షరాలు అలుక్కుపోయి కనబడతాయి. అలాగని 3తో గుణిస్తే 20.7 లక్షల పిక్సెల్స్ ప్రతి ఫ్రేమ్‌కీ నింపాలి. 2 దగ్గర ఆపేస్తే 9.2 లక్షలు, సగానికంటే తక్కువ, కదిలే బొమ్మలో ఆ తేడా కంటికి దాదాపు తెలియదు. ఇంకా కదలని బ్యాక్‌గ్రౌండ్‌ని వేరే క్యాన్వాస్‌లో ఒకసారి గీసి వదిలెయ్యడం, ఒకే రంగు గీతలన్నిటినీ ఒకే పాత్‌లో కలిపి ఒకేసారి స్ట్రోక్ చెయ్యడం, షాడో బ్లర్ జోలికి పోకపోవడం, ఈ మూడూ చేస్తే చాలామందికి వెబ్‌జీఎల్ అవసరమే రాదు. లెక్కలే బరువయితే ఆఫ్‌స్క్రీన్ క్యాన్వాస్‌తో మొత్తం గీసే పనిని వర్కర్‌కి, అంటే మెయిన్ థ్రెడ్ పక్కన నడిచే వేరే థ్రెడ్‌కి, ఇచ్చెయ్యొచ్చు.

ఆ గీతలు లక్షల్లోకి వెళ్లినా, త్రీడీ కావాలన్నా అప్పుడే వెబ్‌జీఎల్, అంటే జీపీయూతో నేరుగా గీయించే పద్ధతి. 2011లో వచ్చింది, పాత ఫోన్లలో కూడా నడుస్తుంది. నేరుగా షేడర్లు (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) రాయడం కంటే టూడీ గేమ్‌కి పిక్సీ, త్రీడీకి త్రీ జేఎస్ లైబ్రరీ పట్టుకోండి. బొబ్బిలి వీణని అన్ని వైపులా తిప్పి చూపించే పేజీ అంటే త్రీ జేఎస్ సరైన చోటే, కాకపోతే వేలు తీసేశాక, వీణ కదలడం ఆగాక, గీయడం కూడా ఆపేయండి, కదలని బొమ్మని సెకనుకి 60 సార్లు గీస్తూ కూర్చుంటే ఫోన్ వేడెక్కడం తప్ప లాభం లేదు. వెబ్‌జీపీయూ కొత్తది, క్రోమ్‌లో 2023లో డెస్క్‌టాప్‌కీ 2024లో ఆండ్రాయిడ్‌కీ వచ్చింది, జీపీయూ మీదే పెద్ద లెక్కలు చేసే పనికి గొప్పగా ఉంటుంది, కానీ మన ఊళ్లో ఇంకా పాత ఫోన్లు వాడుతున్నారు కాబట్టి ఒక్క దాని మీదే సైటు కట్టొద్దు, అది లేని ఫోన్లలో వెబ్‌జీఎల్‌కి మళ్లేలా దారి ఉంచండి.

ఇక్కడ తెలుగు అక్షరాల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ ట్యుటోరియల్ చూసి చేసిన వాళ్లందరికీ ఇది తగులుతుంది. ఒక్కో అక్షరం టైప్ అవుతున్నట్టు వచ్చే ఎఫెక్ట్ ఉంది కదా, శ్రీకాకుళం అన్న పేరుకి పెట్టండి. మనకి అవి నాలుగు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెంగ్త్ అడిగితే 10 అంటుంది, ఎందుకంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. స్ప్లిట్ చేసి ఒక్కోదాన్నీ స్పాన్‌లో పెడితే ముందు శ వస్తుంది, తర్వాత శ్ అవుతుంది, గుడిదీర్ఘం ఎక్కడో చుక్కల వలయం మీద వేలాడుతుంది, ఒత్తులు పగిలిపోతాయి. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటల్ సెగ్మెంటర్‌తో గ్రాఫీమ్‌లుగా (కంటికి ఒకటిగా కనబడే అక్షరాలుగా) విడగొట్టండి, కొత్త బ్రౌజర్లు శ్రీని ఒకటిగానే ఉంచుతాయి, పాతవి ఒత్తు దగ్గర విరగ్గొట్టగలవు కాబట్టి పొల్లుతో ముగిసిన ముక్కని తర్వాతదానితో కలిపే నాలుగు లైన్ల కోడ్ మీరే రాసుకోండి. ఇంకా హాయి అయినది పదం పదంగా యానిమేట్ చెయ్యడం, తెలుగుకి అదే అందంగా కూడా ఉంటుంది.

క్యాన్వాస్ టూడీలో ఫిల్ టెక్స్ట్‌తో తెలుగు రాస్తే ఒత్తులు సరిగ్గానే వస్తాయి, బ్రౌజర్ చూసుకుంటుంది, ఫాంట్ లోడ్ అయ్యాకే గీయాలి అంతే. త్రీ జేఎస్‌లో టెక్స్ట్ జామెట్రీ అయితే ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెడుతుంది, ఒత్తులు కలపదు, తెలుగు మొత్తం ముక్కలవుతుంది. అక్కడ పేరుని టూడీ క్యాన్వాస్‌లో రాసి టెక్స్చర్‌గా అతికించండి, లేదా పైన మామూలు హెచ్‌టీఎంఎల్ లేబుల్ పెట్టండి.

లాటీ (యానిమేషన్‌ని డేటాగా దాచే ఫైల్), జిఫ్, వీడియో ఈ మూడిటి గురించి తొందరగా. డిజైనర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన చిన్న ఐకాన్, సక్సెస్ టిక్ లాంటివి అయితే లాటీ బాగుంటుంది, ఫైల్ చిన్నది, ఎంత సైజుకైనా సాగుతుంది, కానీ ప్లేయర్ లైబ్రరీ కూడా డౌన్‌లోడ్ అవ్వాలి, పేజీ మొత్తానికి ఒకే ఐకాన్ ఉంటే దానికోసం అంత బరువు వద్దు. జిఫ్‌కి 256 రంగులే, ఫైల్ పెద్దది, దాని బదులు సౌండ్ లేని ఆటోప్లే వీడియో పెట్టండి.

స్క్రోల్‌తో కదిలేవాటికి స్క్రోల్ ఈవెంట్‌లో లెక్కలు చెయ్యడం ఆపండి. కనబడగానే ఒకసారి మెల్లిగా వచ్చేది అయితే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ చాలు. స్క్రోల్‌తో పాటే జరుగుతూ ఉండాలంటే సీఎస్ఎస్ స్క్రోల్ టైమ్‌లైన్ ఉంది, క్రోమ్ 115 నుంచి పనిచేస్తుంది, రాని బ్రౌజర్లలో బొమ్మ కదలకుండా కనబడినా కంటెంట్ మాత్రం పూర్తిగా చదవగలిగేలా పెట్టండి. పేజీ నుంచి పేజీకి వెళ్లేటప్పుడు వ్యూ ట్రాన్సిషన్స్ వాడండి, నాలుగు లైన్లలో అయిపోతుంది.

ఏది ఎంచుకున్నా ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అన్న మీడియా క్వెరీ తప్పకుండా రాయండి. లోపలి చెవి సమస్య వల్ల పెద్ద పెద్ద కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఫోన్‌లో సెట్టింగ్ ఆన్ చేసుకుని ఉంటారు, మనం దాన్ని పట్టించుకోకపోతే వాళ్లు మన పేజీ చదవలేరు. అలాంటివాళ్లకి జారడం, జూమ్ అవ్వడం తీసేసి చిన్న ఒపాసిటీ మార్పు ఉంచితే సరిపోతుంది.

టెస్టింగ్ మీ ల్యాప్‌టాప్‌లో కాదు. క్రోమ్ డెవ్‌టూల్స్ పర్ఫార్మెన్స్‌లో సీపీయూని 4 రెట్లు, 6 రెట్లు తగ్గించి చూడండి, పెయింట్ ఫ్లాషింగ్ ఆన్ చేస్తే ఏ ఏరియా మళ్లీ మళ్లీ రంగులేసుకుంటోందో ఆకుపచ్చగా మెరిసి కనబడుతుంది. ఆ తర్వాత ఇంట్లో అమ్మదో నాన్నదో పాత ఫోన్ యూఎస్‌బీతో పెట్టి రిమోట్ డీబగ్గింగ్‌లో రికార్డ్ చెయ్యండి. ఒక్క నిమిషం చూసి వదిలెయ్యకండి, మే నెల మధ్యాహ్నం ఉక్కపోతలో అయిదారు నిమిషాలు ఆగకుండా ఆడనివ్వండి, ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. మొదట్లో 60 ఉన్నది అప్పుడు 40కి పడిందంటే పిక్సెల్ రేషియోని 1.5కి దించండి, గాలి గీతల్ని సగం చెయ్యండి, స్క్రీన్ బయటికి వెళ్లిన క్యాన్వాస్‌ని ఆపేయండి, మళ్లీ కొలవండి.